దొరను ఎవలకు రాసియ్యాలె

కామారెడ్డి కోర్టుల నా ప్రాక్టీసుకు నాలుగేండ్లు. నా దగ్గరికి ఎక్కువ వచ్చేటివి బైకు యాక్సిడెంట్లు, చెక్కు బౌన్సులు, పొలం గెట్ల కొట్లాటలు. వీలునామా రాయమని నన్నే వెతుక్కుంట వచ్చిన మొదటి మనిషి పర్శరాములు. అందుకే ఆయన కుర్చీల కూసోంగనే నేను జర పెద్ద వకీలు లెక్క ముఖం పెట్టి, కొత్త నోటుబుక్కు తీసి, పెన్ను మూత ఇప్పిన.

ఆయనకు అరవై మూడేండ్లు. ఆర్టీసీల డ్రైవరు చేసి రిటైర్ అయిండు. పక్కన కూసున్నాయన పేరు యాకూబు, కండక్టరు చేసి రిటైర్ అయిండు. ఇద్దరు ఇరవై రెండేండ్లు కామారెడ్డి–ఎల్లారెడ్డి బస్సు మీద జోడిగ పనిచేసిండ్రట. ఇప్పుడు ఎల్లారెడ్డిల ఒకే గల్లీల ఎదురెదురు ఇండ్లు. ఒకాయన మాట మొదలుపెడితె ఇంకొకాయన తప్పు పడుతడు, అట్ల వాళ్ళ సోపతి నడుస్తది.

"ఆస్తులు ఏమేమున్నయి బాపూ?" అని అడిగిన.

"ఆస్తులతోని పరేషాన్ లేదు మేడం. ఇల్లు నా భార్య వినోదకు, చెలుక మా బిడ్డ సాయిశ్రీకి. అండ్ల ఎవలకు పంచాయితి లేదు. నేనొచ్చింది దొర గురించి."

"ఏ దొర?"

ఆయన ఫోను తీసి ఫోటో చూపిచ్చిండు. ఇంటి గోడ మీద పచ్చటి జీవి ఒకటి పండుకొని ఉన్నది. తోకతోని కలిపి నాలుగు ఫీట్ల పొడుగు. గదుమ కింద తోలు సంచి ఏలాడుతున్నది, వీపు మీద పొడుగున ముండ్ల వరుస. ఫోటో తీసేటోని దిక్కు సగం కన్ను తెరిచి చూస్తున్నది. వచ్చిన పని చెప్పి తొందరగ పొమ్మన్నట్టు ఉన్నది ఆ చూపు.

నేను పెన్ను పక్కన పెట్టిన. "బాపూ, ఉడుమును ఇంట్ల పెంచుడు నేరం. వీలునామా తర్వాత, ముందుగాల బెయిలు సంగతి చూసుకోవాలె."

యాకూబు కిసుక్కున నవ్విండు. "నేను జెప్పలె, ఈ మేడం గూడ గదే అంటదని?"

పర్శరాములు ఏం బుగులు పడలె. ఇసొంటి మాట చానమంది దగ్గర విన్నోడు గద. సంచిలకెంచి ఒక ఫైలు తీసి నా ముంగట పెట్టిండు. అండ్ల ఉన్న కాయిదాలన్ని లామినేషన్ చేయించినవే. "ఉడుము గాదు మేడం, ఇగ్వానా. దీని అసలు ఊరు సముద్రాలవతల. గడ్డీ గాదం, ఆకూ పువ్వూ తప్ప ఏం తినదు. అటవీ శాఖల నమోదు చేయించిన, ఇగో సర్టిఫికెట్. చేతులు మారినా చెప్పాలె, పిల్లలు పెట్టినా చెప్పాలె, సచ్చినా చెప్పాలె. నాకు అన్ని ఎరికే."

నాకు ఎరికలేదు. ఆ సంగతి ఆయనకు తెల్వకుండ సర్టిఫికెట్‌ను రెండుసార్లు తిరగేసి చదివి, సరిగనే ఉన్నదన్నట్టు తల ఊపిన.

ఆయన కథ చెప్పిండు. రిటైర్ అయినంక హైదరాబాదుల ఒక డాక్టరు దగ్గర రెండేండ్లు కారు నడిపిండు. ఈ ఇగ్వానా ఆ డాక్టరు బిడ్డది. వాళ్ళు బెంగళూరుకు మారేటప్పుడు ఆ పిల్ల కండ్ల నీళ్ళు పెట్టుకొని, "అంకుల్, మీరైతేనే మంచిగ చూసుకుంటరు" అని ఈయన చేతుల పెట్టింది. రెండేండ్లు పొద్దుమాపు దానికి తిండి పెట్టింది ఈయనే కాబట్టి కాదనబుద్ధి కాలే.

"దొర అని పేరు ఎవరు పెట్టిండ్రు?"

"నేనే. పొద్దుగాల ఎండ కాగుతడు. పదింటికి కూరగాయ సన్నగ తరిగి ముంగట పెట్టాలె. మధ్యాహ్నం గోరువెచ్చటి నీళ్ళల్ల తానం చేపియ్యాలె. ఒక్క పని చెయ్యడు, మనిషిని మనిషి లెక్క చూడడు. మా తాత దొరల ఇంట్ల ఎట్టి చాకిరి చేసిండు మేడం. నాకు తప్పిందనుకున్న."

ఆ మాట అన్నప్పుడు ఆయన మొఖంల బాధేం లేదు, మనుమని అల్లరి చెప్పుకునేటోని లెక్క ఉన్నది.

ఆయన బాధ వేరే. దొరకు ఇప్పుడు నాలుగేండ్లు. మంచిగ చూసుకుంటె ఇంకో పదిహేనేండ్లు బతుకుతడట. పర్శరాములు గుండెల ఒక స్టెంటు ఉన్నది. "మా గల్లీల సీతారాం అని ఒకడున్నడు. వారానికోసారి వచ్చి 'దొర ఎన్ని కిలోలైండన్నా' అని అడుగుతడు. వాడు బరువు ఎందుకు అడుగుతున్నడో నాకు తెల్వదా? నేను పోయిన తెల్లారే దొరను కూర వండుకుంటరు."

నేను ఆయనకు చట్టం చెప్పిన. జంతువు పేరు మీద ఇల్లు, పైసలు రాయరాదు. చట్టం లెక్కల అది ఆస్తి తీసుకునేది గాదు, అదే ఒక ఆస్తి. "మీ బీరువా ఎట్లనో, మీ స్కూటరు ఎట్లనో, దొర గట్లనే."

పర్శరాములు ఫోన్ల దొర ఫోటోను ఇంకోసారి చూసిండు. "స్కూటరా?" అన్నడు చివరికి. అటెనుక యాకూబు దిక్కు తిరిగి, "స్కూటరట" అన్నడు.

"ఈయన స్కూటరు కంటె దొరనే నయం, పొద్దుగాల లేస్తడు" అన్నడు యాకూబు.

అయినా తొవ్వ ఉన్నదని చెప్పిన. బీరువాను ఎవరికన్న రాసిచ్చినట్టే దొరను గూడ ఒక మనిషికి రాసియ్యొచ్చు. సాదుతందుకు అయ్యే ఖర్చుకు బ్యాంకుల కొంత పెట్టి, అది గూడ ఆ మనిషికే రాయొచ్చు, దొరను మంచిగ చూసుకుంటెనే అని షరతు పెట్టి. ఎట్ల చూసుకోవాల్నో వేరే కాయిదం రాసి వీలునామాకు జత చెయ్యొచ్చు. తీసుకునేటోళ్ళు మాత్రం ఇష్టపడి ఒప్పుకోవాలె. అటవీ శాఖకు చేతులు మారిన సంగతి చెప్పాలె.

"మీ భార్యకు రాస్తరా?"

"వినోదకా? ఆమెకు దొర అంటె గిట్టది. వాడు ఇంటికొచ్చినప్పటిసంది ఆమె ముంగట వాకిట్ల బీడీలు చేసుడు బంద్ పెట్టి, ఎనుక అర్రలకు పోయింది. వాని మొఖం చూడబుద్ధి గాకనే గద. మా బిడ్డ సాయిశ్రీ లింగంపేటల టీచరు, బల్లిని చూస్తెనే మంచమెక్కుతది. యాకూబుకు రాయి."

"నాకు సుగరున్నది మేడం, వయసుల వీనికంటె రెండేండ్లు పెద్ద" అన్నడు యాకూబు. "అయినా వీనికంటె ముందు పోనని ధైర్యమున్నది. ఇరవై రెండేండ్లు వీడు నడిపిన బస్సుల నిలబడ్డ, ఏం గాలె."

అట్ల నేను నోటుబుక్కుల 'భార్య: ఇష్టం లేదు' అని రాసుకొని, కింద గీత కొట్టిన. వారం రోజులల్ల వీలునామా తయారు చేసిన. పర్శరాములు దొర గురించి ముప్పై ఒక్క పాయింట్లు సొంత దస్తూరితోని రాసిచ్చిండు. మునగాకు ఏ పూట, గుమ్మడికాయ ముక్క ఎంత సన్నగ, చలికాలంల ఏ బల్బు. అన్ని టైపు చేసి, చదివి వినిపిచ్చిన. వచ్చే గురువారం ఎల్లారెడ్డి రిజిస్ట్రారు ఆఫీసుల రిజిస్టరు చేద్దామనుకున్నం. నా మొదటి వీలునామా మంచిగ వచ్చిందని నాకు లోపల లోపల సంబురమే.

గురువారం దాంక సాగలె. సోమవారం నాడు పర్శరాములుకు కడుపుల నొప్పి లేసింది. పిత్తాశయంల రాళ్ళున్నయని కామారెడ్డిల ఒక ప్రైవేటు దవాఖానల చేర్చుకొని, తెల్లారి ఆపరేషను చేసిండ్రు. బుధవారం పొద్దుగాల పదకొండు దాటినంక నాకు కొత్త నంబరుకెంచి ఫోనొచ్చింది.

"సాయిలత మేడమేనా? నేను పర్శరాములు భార్యను, వినోదను. దవాఖానల బిడ్డను కూసోబెట్టి బట్టలకని ఇంటికొచ్చిన. నువ్వు రాసిన కాయిదంల దొర ఎవల జిమ్మ అని ఉన్నది?"

"యాకూబు బాపు జిమ్మ అవ్వా. ఎందుకు?"

"ఏం లేదు. దొర చింతచెట్టెక్కి కూసున్నడు. యాకూబన్నేమో నా జిమ్మ గాదంటున్నడు. నువ్వే అడుగు."

ఫోను యాకూబు చేతికి పోయింది. "మేడం, కాయిదంల ఏమున్నది? 'నా మరణానంతరం' అని ఉన్నది. పర్శరాములు బతికే ఉన్నడు. ఇప్పుడే ఫోన్ల నన్ను తిట్టిండు గూడ. మరి నాకు అధికారం యాడిది? నేను చెట్టెక్కినంక దొరకు ఏమన్నయితె రేపు ఎవలు జవాబుదారి?"

ఆయన చెప్పింది అక్షరాల నిజం. వీలునామా మనిషి పోయినంకనే పనిచేస్తది. మనిషి ఉండి, మంచంల పడితె దానికి ఏం సంబంధం లేదు. పదిహేనేండ్ల తర్వాతి సంగతి అంత సన్నగ రాసిన నేను, వచ్చే వారం సంగతి రాయలె. నా కాయిదంల బొక్కను నాకు చూపెట్టిన మొదటి మనిషి కండక్టరు.

మధ్యాహ్నం కోర్టుల పని లేకుండె. బస్సెక్కిన. లింగంపేట దాటే దాంక తొవ్వ పొడుగున రోడ్డు మీద మక్కలు ఆరబోసి ఉన్నయి, డ్రైవరు వాటిని తప్పించుకుంట నడుపుతున్నడు. ఎల్లారెడ్డిల దిగి గల్లీ పేరు అడుగుడు అవసరమే పడలె. "ఉడుము చెట్టెక్కిన ఇల్లా?" అని ఆటో అతనే తోల్కపోయిండు.

చింతచెట్టు కింద పదిహేను మంది ఉన్నరు. అందరు పైకి చూస్తున్నరు, అందరు సలహాలు చెప్తున్నరు. సీతారాం ఎవరో నాకు ఎవరు చూపెట్టకుండనే తెలిసింది. పొడుగాటి కట్టె ఒక చేతుల, గోనెసంచి ఒక చేతుల పట్టుకొని ఉన్నడు. ఆయన ముంగట ఒక సన్నటి ఆడమనిషి లామినేషన్ ఫైలు ఛాతికి అదుముకొని నిలబడ్డది. అరవైకి దగ్గర వయసు. చూపుడు వేలు మీద బీడీ దారం కోసిన గీతలు. ఆమెనే వినోద.

"జరుగక్కా, నేను దించుత" అంటున్నడు సీతారాం.

"సంచి ఎందుకు తమ్మీ?"

"పట్టుకుంటందుకు."

"పట్టుకొని?"

సీతారాం సంచిని ఎనుకకు పెట్టుకున్నడు. యాకూబు తన ఇంటి ఇనుప గేటు లోపల, గడె పెట్టుకొని, చట్టప్రకారం నిలబడి ఉన్నడు. నేను చూసేసరికి చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టిండు గని గేటు తియ్యలె. ఆయనకు చట్టం మీద గౌరవం ఎంతనో, దొర గోర్ల మీద భయం గూడ అంతనే అని నాకప్పుడు సమజైంది.

దొర పడమటి దిక్కు కొమ్మ మీద, చేతులు రెండు దిక్కుల ఏలాడేసి పండుకున్నడు. కింద ఇంత లొల్లి తన గురించే అని ఆయనకు తెలిసినట్టు లేదు. తెలిసినా పట్టించుకునే రకం గాదు.

"ఇప్పుడు దిగడు మేడం" అన్నది వినోద. "ఆ కొమ్మ మీద మూడున్నర దాంక ఎండ ఉంటది. ఎండ జరిగితె ఆయన జరుగుతడు. అటెనుక ఎండ పడేది మా గోడ మీదనే. గోడ మీదికొస్తె నేను పడుత. గీ జనం ఉంటె మాత్రం ఎండ జరిగినా ఆయన జరగడు."

నేను నల్లకోటు సర్దుకొని, అటవీ చట్టంల శిక్షలు ఏమేమున్నయో గట్టిగ చెప్పిన. ఒక్కొక్కరు జరుగవట్టిరి. సీతారాం అందరికంటె చివరికి పోయిండు.

అప్పుడు రెండుంబావు. ఇద్దరం వాకిట్ల మంచం మీద కూసున్నం. ఆమె చాయ పోసిచ్చింది. ఆమె చెట్టు దిక్కు చూసుకుంట మాట్లాడుతున్నది, నేను ఆమె దిక్కు చూస్తున్న.

"దొర అంటె నీకు గిట్టదట గద అవ్వా?"

"ఎవలన్నరు?"

"బాపు చెప్పిండు. బీడీల పని ఎనుక అర్రలకు మార్చుకున్నవని."

వినోద చాయ గిలాస కింద పెట్టింది. "పశువుల దవాఖానల ఆశ్రిత డాక్టరమ్మ ఉన్నది. దొరకు ఒకసారి ముక్కు కారుతుంటె నేనే తీస్కపోయిన. బీడీ పొగాకు దూగర ఇసొంటి జీవాలకు పడదని చెప్పింది. మరి ఎండ లేని అర్రల దొర ఉండలేడు, వాకిలి లేకపోతె నేను ఉండగల్గుత. అందుకే నేను లోపటికి పోయిన. లైటేసుకొని చేసుకుంటున్న."

"ఈ సంగతి బాపుకు చెప్పలేదా?"

"అడిగితె చెప్పేదాన్ని."

మళ్ళ తనే అన్నది. "యాకూబన్నను అడిగిండు. అటవీ శాఖ సారుకు నాలుగుసార్లు ఫోన్ చేసి అడిగిండు. నిన్ను అడుగుతందుకు బస్సెక్కి కామారెడ్డి దాంక వచ్చిండు. నేను వంటింట్లనే ఉంటి. వాకిట్లకెంచి వంటింట్లకు రాలేకపోయిండు."

నేను నా నోటుబుక్కుల గీత కొట్టుకున్న మాట యాదికొచ్చి, చాయ తాగుతున్నట్టు చేసిన. నేను గూడ అడగలేదు గద. ఒక్క ఫోను చేస్తె అయిపోయేది.

మూడుంబావుకు ఆమె లేచి తువ్వాల తడిపి పిండి, గోడకు ఇటు పక్క నిలబడ్డది. నన్ను కదలొద్దన్నది. ఎండ ఆమె చెప్పినట్టే జరిగింది. ముందు కొమ్మ చివర నీడ పడ్డది, అది దొర తోక దాంక వచ్చింది. దొర ఒక కన్ను తెరిచిండు. తన మీద ఎవలో నీళ్ళు చల్లినట్టు మొఖం పెట్టి, ఒక్కొక్క కాలు లేపుకుంట, ఏదో పెండ్లికి పోతున్నట్టు నిమ్మళంగ కొమ్మ దిగి గోడ మీదికొచ్చిండు. అక్కడ ఎండల కడుపు ఆనిచ్చి కండ్లు మూసుకున్నడు. వినోద తడి తువ్వాల మీదేసి, ఒక చెయ్యి ఛాతి కింద, ఇంకో చెయ్యి తోక మొదట్ల పెట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నది. వాడు ముంజేతి మీద ఒక్క గీత గీసిండు. ఆమె దాని దిక్కు చూడనన్న చూడలె.

"చెట్టు మీద నీకేమున్నది? ఇంట్ల తక్కువైందా?" అన్నది వానితోని, మెల్లగ.

అప్పుడు ఎదురుంగ గేటు గడె తీసిన సప్పుడైంది. యాకూబు వచ్చి గోడ అవతలనే ఆగి, "దిగుతడని నేను పొద్దుగాలనుంచి చెప్తున్న" అన్నడు.

దొరను లోపట పెట్టి తలుపు గొళ్ళెం వేసినంక వినోద నన్ను అడిగింది. "మేడం, నువ్వు ఆయనకు కాయిదం రాసినవ్ గద. నాకొకటి రాస్తవా?"

"రాస్త. ఏం రాయాలె?"

"నేను ముందుగాల పోతె మా పెనిమిటిని ఎవలకు రాసియ్యాలె?"

నేను నవ్విన. ఆమె నవ్వలె.

తెల్లారి కోర్టుకు పోయే ముందు దవాఖానకు పోయిన. పర్శరాములు మంచం మీద ఒరిగి కూసున్నడు. సాయిశ్రీ నారింజ పండు ఒలుస్తున్నది. వినోద కిటికీ పక్క కుర్చీల చేతులు కట్టుకొని కూసున్నది. యాకూబు పొద్దుగాల బస్సుకే వచ్చి, గుమ్మంల నిలబడ్డడు. చెట్టు ముచ్చట అప్పటికే ఆయన తన లెక్కల చెప్పేసిండు. ఆ లెక్కల ఆయన గేటు బయటనే ఉన్నడు.

నేను చెప్పిన. "బాపూ, మన కాయిదంల రెండు తప్పులున్నయి. ఒకటి నాది. మీరు ఉండంగ చాతగాకపోతె దొరను ఎవరు చూడాల్నో రాయలె. ఇప్పుడు రాస్త. రెండోది, అడగవలసిన మనిషిని మనిద్దరం అడగలె."

ఆయన యాకూబు దిక్కు చూసిండు, బిడ్డ దిక్కు చూసిండు. చూడనీకి ఇంకెవలు మిగలకపోయేసరికి వినోద దిక్కు చూసిండు. గొంతు సర్దుకున్నడు.

"వినోదా, నేను పోతె గిన..."

"పోయే ముచ్చట తర్వాత. దవాఖానల పడితె ఎవలు చూడాలె, ముందు అది అడుగు."

"చూస్తవా?"

"చూస్త. షరతులున్నయి."

మొదటి షరతు ముప్పై ఒక్క పాయింట్ల కాయిదం గురించి. ఆమె ముందటి రాత్రి బిడ్డతోని అది చదివించుకున్నది. సగం తప్పులట. గుమ్మడికాయ ముక్కలు దొర అసలు తినడు, ఈయన అటు తిరగంగనే తట్ట కిందికి తోస్తడు, ఆమె ఎత్తి పారేస్తది. దొర ఇష్టంగ తినేది మందారపువ్వు, అది గూడ పొద్దుగాల తెంపింది గాదు, ఎండకు జర వాడింది. తానం చేపియ్యాల్సింది మధ్యాహ్నం గాదు, తిన్నంక గంటకు. పర్శరాములు నోరు తెరుచుకొని విన్నడు. రెండేండ్లు హైదరాబాదుల, ఏడాదిన్నర ఇంట్ల తానే సాదుతున్న అనుకున్న జీవి గురించి వేరేటోళ్ళు చెప్తుంటె వినుడు ఆయనకు కొత్త.

రెండో షరతు, ఆమె ఏడాదికి పది రోజులు జుక్కల్‌ల అక్క ఇంటికి పోతది. ఆ పది రోజులు చక్కెర డబ్బా ఏడున్నదని ఫోన్ చెయ్యొద్దు.

మూడోది ఆమె కాయిదం.

"అవ్వా, అది కుదరదు" అన్న నేను. "మనిషిని ఎవలకు రాసియ్యరాదు. మనిషి ఆస్తి గాదు."

పర్శరాములుకు ధైర్యమొచ్చింది. "విన్నవా? నేను ఆస్తి గాదు."

"నువ్వు ఆస్తి గాదని నాకు పెండ్లయిన నెలకే తెలిసింది" అన్నది వినోద.

సాయిశ్రీ చేతుల నారింజ తొన కింద పడ్డది. ఆపరేషను కుట్లు ఉన్నయి కాబట్టి పర్శరాములు నవ్వరాదు. కడుపు పట్టుకొని, కండ్ల నీళ్ళు పెట్టుకొని, నన్ను నవ్వియ్యకుండ్రి అని చేతులు ఊపిండు.

ఆస్తి గాకపోయినా సూచనలు రాసిపెట్టనీకి చట్టం అడ్డం రాదని చెప్పిన. అక్కడనే కూసొని వినోద చెప్తుంటె రాసుకున్న. బీపీ గోలి వేసుకున్న అంటడు, దిండు కింద చూడాలె. కోపమొస్తె అన్నం వద్దంటడు, బతిమాలొద్దు, స్టూలు మీద కంచం పెట్టి బయటకు పోవాలె, పావుగంటల తింటడు. వేరేటోళ్ళు నడిపే బండిల ముందు సీట్ల కూసోబెట్టొద్దు, లేని బ్రేకు తొక్కి తొక్కి మోకాలు నొప్పి తెచ్చుకుంటడు. ఏడాదికోసారి పోచారం చెరువు నిండిందా లేదా అని చూడనీకి తీస్కపోవాలె, తీస్కపోకపోతె ఎవలతోని సరిగ మాట్లాడడు. ఇట్ల పంతొమ్మిది అయినయి. ఆయన మధ్యల రెండు మూడింటికి అడ్డం చెప్పబోయిండు గని, యాకూబు గుమ్మంల నిలబడే "కరెక్టు, కరెక్టు" అనుకుంట పోయిండు. కింద సాయిశ్రీ సంతకం పెట్టింది. దొరను చూస్తె మంచమెక్కుత గని బాపును చూసుకుంట అన్నది.

వీలునామా మళ్ళ రాసిన. దొర వినోదకు. ఆమెకు చాతగాకపోతె ఆశ్రిత డాక్టరమ్మకు. ఆమె బర్రెలను, మేకలను చూసే డాక్టరు, ఇగ్వానా గురించి దొర వచ్చినంకనే చదివిందట, ఇప్పుడు దొరను చూడనీకి సెలవు దినం గూడ వస్తది. ట్రాన్స్‌ఫర్ అయితె ముందుగ చెప్త అని రాసి సంతకం చేసిచ్చింది. పర్శరాములు ఉండంగ మంచంల పడితె దొర బాధ్యత వెంటనే వినోదది అని వేరే అధికార పత్రం రాసిన. యాకూబు మొఖం చిన్నగ చేసుకోకుండ, అంతా రాసినట్టు జరుగుతున్నదా లేదా చూసే కార్యనిర్వాహకునిగ ఆయన పేరు పెట్టిన.

"అంటె చెకింగా?" అని అడిగిండు.

"చెకింగే బాపూ."

"గది నాకు వస్తది" అన్నడు. ఆ సాయంత్రమే ఆయన గోడ అవతల నిలబడి దొర తట్టల ఏమున్నదో చూసి, పుస్తకంల రాసుకున్నడని వినోద ఫోన్ల చెప్పింది.

రిజిస్ట్రారు ఆఫీసుల గుమాస్తా ఆస్తి వివరాల దగ్గర ఆగి, కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ళ చదివిండు. 'ఒక ఇగ్వానా, ఆకుపచ్చ రంగు, నాలుగు అడుగులు' అని ఉన్నది. హద్దులు ఏమిటని అడిగిండు. తూర్పు, పడమర చెప్పాలె గద అన్నడు. ఇది స్థిరాస్తి గాదని నేను చెప్పేసరికి, "స్థిరంగనే ఉంటడు సార్, కదిలేది తక్కువ" అన్నడు పర్శరాములు. గుమాస్తా సంతకం పెట్టే జాగ చూపెట్టిండు.

అది అయిన రెండు నెలలకు పర్శరాములు ఒక్కడే నా ఆఫీసుకు వచ్చిండు. యాకూబు లేడు, ఫైలు లేదు. చాన ఆలోచిస్తున్నోని లెక్క ఉన్నడు.

"ఇంకో కాయిదం రాయాలె మేడం. వినోద మంచంల పడితె ఆమెను ఎట్ల చూసుకోవాలె, ఏమేం గావాలె, గది. నాకోసం. ఎవల సంతకాలు అక్కర్లేదు."

"చెప్పుండ్రి బాపూ."

అంగీ జేబులకెంచి మడత పెట్టిన కాయిదం తీసిండు. అండ్ల రెండే పాయింట్లున్నయి. చాయల చక్కెర తక్కువ. ఎడమ పక్కకు తిరిగి పండుకుంటది.

"మిగిలినవి?"

"గంతే" అన్నడు. "నెల సంది రాస్తున్న. ముప్పై ఎనిమిదేండ్లయింది పెండ్లయి. దొర గురించి ఒక్క పొద్దుల ముప్పై ఒకటి రాసిన."

ఆ ముప్పై ఒకటిల సగం తప్పని నేను గుర్తు చెయ్యలె. గుర్తు చేసే అవసరం గూడ లేకుండె, ఆయన మొఖంలనే ఉన్నది. ఆమెనే అడుగొచ్చు గద అన్న. అడిగితె "నాకేం గావాలె, ఏమొద్దు" అన్నదని చెప్పిండు.

నేను రెండు పాయింట్లు టైపు చేసి, మూడు అని అంకె వేసి పెట్టిన. బయట ఎవరిదో కేసు పిలిచిండ్రు.

"రాయి మేడం" అన్నడు. "నొప్పి లేస్తె చెప్పది. తలకు తువ్వాల గట్టిగ కట్టుకొని పని చేస్తనే ఉంటది. తువ్వాల కనవడితె అడగాలె. ఒకసారి అడిగితె ఏం లేదంటది. రెండోసారి అడగాలె."

టైపు చేసిన. ఆయన కుర్చీ ముందుకు జరుపుకొని కంప్యూటర్ల చదువుకున్నడు.

"రెండోసారి అన్న కాడ కింద గీత కొట్టు" అన్నడు.

గీత కొట్టి, ప్రింటు తీసిచ్చిన. లామినేషన్ చేయించాల్నా అని అడిగితె వద్దన్నడు, ఇంకా రాసేటివి ఉన్నయట. కాయిదం నాలుగు మడతలు పెట్టి అంగీ జేబుల పెట్టుకొని, ఎల్లారెడ్డి బస్సుకు పోయిండు.